ఎవరును కోరని పని

శ్రీకాకుళము జిల్లా ఉత్తరభాగమున, సముద్రతీరము వెంబడి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురము మండలములలో వ్యాపించియున్న తోటల సీమకు ఉద్దానమని పేరు. ఉద్యానవనమను మాటయే జనుల నోట ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి చెట్లు ఒకదాని నీడ వేరొకదానిపై పడునట్లు ఇచ్చట కలసి పెరుగును. జీడిగింజలు పలాసకు చేరి, పప్పుగా మారి, దూరదేశములకు పోవును.

ఇంత పచ్చని సీమను కొన్ని దశాబ్దములుగా ఒక దుఃఖము పట్టియున్నది. మూత్రపిండముల వ్యాధి ఈ గ్రామములలో ఎందరినో పీడించుచున్నది. దీనికి కారణమిది యని శాస్త్రజ్ఞులు ఇంతవరకు నిశ్చయముగా తేల్చలేకపోయిరి. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. వ్యాధి ముదిరినవారు వారమునకు రెండు మూడు పర్యాయములు డయాలసిస్ చేయించుకొనవలెను. ఒక్కొక్క పర్యాయము సుమారు నాలుగు గంటలు యంత్రము ప్రక్కన పరుండవలసియుండును.

అట్టి కుటుంబములలో ఒకదానియందు, ఇంటర్మీడియేటు చదువుచున్న ఒక బాలిక ఉన్నదని భావింపుడు. ఆమె తాత వారమునకు రెండు దినములు తెల్లవారుజామున బస్సెక్కి పలాసకు పోయివచ్చుచుండును. పోవలసిన దినములకు గోడమీది క్యాలెండరులో సున్నలు చుట్టబడియుండును. యంత్రమునకు ముందు బరువెంత, తరువాత ఎంత తగ్గినది, రక్తములో క్రియాటినిన్ ఎంత, హిమోగ్లోబిన్ ఎంత అను వివరములు గల కాగితములన్నియు బియ్యపు డబ్బా ప్రక్కన ఒక ప్లాస్టిక్ సంచిలో ఉండును. డాక్టరు అడిగిన కాగితము మాత్రము ఆ సమయమునకు దొరకదు.

ఈ లెక్కలన్నియు సెల్‌ఫోనులో ఉండునట్లు ఒక ప్రోగ్రాము వ్రాసినచో బాగుండునని ఆ బాలికకు తోచినది. ప్రోగ్రామనగా, యంత్రము ఒకదాని వెంట ఒకటిగా చేయవలసిన పనులను దానికి తెలియు భాషలో వ్రాసిన ఆజ్ఞల వరుస. అట్టి ప్రోగ్రాములకే సాఫ్టువేరు అని పేరు. ఆమె కళాశాలలో కొంత, స్వయముగా కొంత ఆ విద్యను నేర్చినది. ఈ పని చేయుమని ఆమెతో ఎవరును చెప్పలేదు. చేసినచో మార్కులు రావు, చేయకున్నచో దండన లేదు. గడువు లేదు, కూలి లేదు. ఈ స్వేచ్ఛయే పనికి మొదట రెక్కలనిచ్చును. తరువాత దానినే నేలపాలు చేయును.

వేసవి సెలవులలో మొదటి వారము అంతయు ఉత్సాహమే. రాత్రి పదకొండు గంటలైనను ఆమెకు నిద్ర రాదు. తెరమీద తాత పేరు కనబడినప్పుడు ఆమె సంతోషమునకు మేర లేదు. రెండవ వారమున క్రొత్త కోరికలు పుట్టినవి. బరువు హెచ్చుతగ్గులను గీతలతో చూపినచో ఎంత బాగుండును! తెలుగుతోపాటు ఇంగ్లీషు ఉండవలదా? సరిహద్దు గ్రామములవారికి ఒడియా? ఒక్క తాతకే ఎందుకు, ఉద్దానములోని రోగులందరి లెక్కలును ఉంచరాదా? అందరి లెక్కలును ఉంచినచో ఒకరివి వేరొకరు చూడకుండ తాళము వేయవలెను గదా! ఇట్లు ఇల్లు కట్టకముందే మేడకు మెట్లు చెక్కుట మొదలైనది. జూన్ వచ్చినది, కళాశాల తెరచిరి. ప్రోగ్రాము సగములో నిలచినది. క్యాలెండరుమీద సున్నలు చుట్టుట మాత్రము మానలేదు.

ఇది సోమరితనమని కొందరు తీర్పు చెప్పుదురు. అది న్యాయము కాదు. సోమరి యైనవాడు మొదటి రాత్రియే నిద్రపోయియుండును. స్వయముగా తలపెట్టిన పనులు నడుమ నిలచిపోవుటకు కారణములు వేరుగా ఉన్నవి. వానిని విడివిడిగా చూడవలెను.

ఆ బాలిక తల్లి జీడిపప్పుకు పొట్టు తీయు పని చేయుచున్నదనుకొనుడు. సాయంకాలమున ఆమె తీసిన పప్పును తక్కెడలో తూచి, తూకమును బట్టి కూలి కట్టుదురు. వ్రేళ్లు నొచ్చినను, నడుము పట్టినను, ఆనాటి పని ఇంత యని ముల్లు చూపును. మరునాడు ఆమెను మరల పనికి పంపునది ఆ కూలి మాత్రమే కాదు, ఆ ముల్లు కూడను. కుమార్తె పనికి అట్టి తక్కెడ లేదు. మూడు గంటలు కూర్చుండి ఒక తప్పును వెదకి దిద్దినను, తెరమీద నిన్నటికిని నేటికిని భేదము కనబడదు. పని జరుగలేదను భ్రమ కలుగును. ఈ భ్రమ పది దినములు సాగినచో ఎంత గట్టివారికైనను చేయి ఆడదు. కావుననే అనుభవజ్ఞులు పెద్ద పనిని ఒక్క పూటలో ముగియునంతటి చిన్న తునకలుగా విడగొట్టి కాగితముమీద వ్రాసికొని, ముగిసినదానిని గీత గీసి కొట్టివేయుదురు. అది వట్టి కాగితమే యైనను, సాయంకాలపు తక్కెడవలె పనిచేయును.

మరియొక కారణము కూడ జీడిబట్టీలలోనే కనబడును. గింజను కాల్చియో ఆవిరిపట్టియో పెంకు పగులగొట్టగనే పప్పు బయటపడును. చూచువారు పని ముగిసినదనుకొందురు. కాని దానిని ఆరబెట్టవలెను, పొట్టు తీయవలెను, గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరుగా ఏరవలెను, డబ్బాలకెత్తి గాలి చొరకుండ మూయవలెను. అంతవరకు అది అమ్ముడుపోదు. సాఫ్టువేరును ఇట్టిదే. వ్రాసినవారి బల్లమీద సరిగా నడచినచో ముక్కాలు మువ్వీసము ముగిసినట్లు తోచును. నిజమునకు మిగిలినదే పెద్దభాగము. బరువు గడిలో ఎవరైన పొరపాటున 52కు బదులు 520 అని వ్రాసినచో ఏమగును? ఫోను చార్జి అయిపోయి మరల తెరచినప్పుడు లెక్కలు నిలుచునా? తుపానుకు సిగ్నలు లేనప్పుడు తెరచుకొనునా? ఇవి ఒక్కటియు మనస్సునకు ఉల్లాసము కలిగించు పనులు కావు. ఇచ్చటనే చాలమంది పని విడిచిపెట్టుదురు. విడిచిపెట్టితిమని ఒప్పుకొనరు, క్రొత్త పని ఒకటి తలపెట్టుదురు. క్రొత్త పనియొక్క మొదటి వారము ఎప్పుడును మధురమే గదా!

అన్నిటికంటె లోతుగా దాగియుండునది భయము. పని పెట్టెలో ఉన్నంతకాలము దానికి లోపము లేదు. బయట పెట్టినచో ఎవరో ఒకరు తప్పు చూపుదురు, లేదా అసలు ఎవరును చూడరు. రెండవది మొదటిదానికంటె బాధాకరము. కావున ఇంకను కొంచెము మెరుగు పెట్టి చూపుదమని దినములు గడపుదురు. దీనిని వారు శ్రద్ధ యనుకొందురు.

ఈ సీమకు దగ్గరలోనే, కంప్యూటరు పుట్టకముందు, ఇట్టి పనిని ఒక మహానుభావుడు తలపెట్టి ముగించెను. ఆయన ఎట్లు నిలువగలిగెనో చూచుట మేలు.

గిడుగు వేంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగమునకు సమీపమున నున్న పర్వతాలపేటలో జన్మించెను. చిన్ననాటనే తండ్రిని కోల్పోయెను. విజయనగరములో చదివెను, అచ్చట గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. పర్లాకిమిడి టెక్కలికి ఉత్తరమున, కొండల పాదమున ఉన్న పట్టణము. టెక్కలి దగ్గరి నౌపడానుండి అచ్చటికి 1900లో చిన్న రైలుమార్గము వేసిరి. ఆయన ఉద్యోగమున చేరునాటికి అదియును లేదు. ఆ కొండలలో సవరలు నివసించుచుండిరి. రామమూర్తి వారి భాషను నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని సంకల్పించెను.

ఈ పని చేయుమని ఆయనతోను ఎవరును చెప్పలేదు. ఆయన సవర భాషాపండితుడుగా నియమింపబడినవాడు కాడు, బడిలో పాఠములు చెప్పుకొను ఉపాధ్యాయుడు. సవరభాషకు అప్పటికి లిపి లేదు. అది తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు; ముండా భాషల కుటుంబములోనిది. కంఠమున గాలి ఒక్క క్షణము ఆగి విడువబడు ధ్వనులు అందు కలవు. వానిని వ్రాయుటకు తెలుగులో అక్షరములు లేవు. తెలుగును సవరయు రెండును తెలిసిన ఒక వ్యక్తిని ఆయన తన ఇంటిలోనే ఉంచుకొని, అతనివలన ఆ భాషను నేర్చుకొనెను. ధ్వనులను సరిగా గుర్తించి వ్రాయుటకు, ఆనాడు క్రొత్తగా పెరుగుచున్న భాషాశాస్త్రమును స్వయముగా అభ్యసించెను. కొండలలో తిరుగునప్పుడు సోకిన మలేరియా జ్వరమునకు క్వినైను మితిమీరి వాడుటచే ఆయన వినికిడి చెడినదని చెప్పుదురు. ధ్వనులను వెదకికొనుచు పోయినవాడు చెవులను కోల్పోవుటకంటె క్రూరమైన దెబ్బ ఏముండును? అయినను ఆయన పని ఆగలేదు.

ఎందుచేత ఆగలేదు? దృఢసంకల్పము చేత నని చెప్పి ఊరకుండుట తేలిక. కాని ఆయన పని సాగిన క్రమమును గమనించినచో వేరొక సంగతి కనబడును. మొదట మహానిఘంటువు ముగించి, తరువాత లోకమునకు చూపుదమని ఆయన కూర్చుండలేదు. నేర్చిన కొలది సవరభాషతోనే పిల్లలకు పుస్తకములు వ్రాసెను. సొంత ధనముతో పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములు తానే చెల్లించెను. పాఠశాలయన్నది యొకటి ఉన్నప్పుడు, రేపటి పాఠమునకై ఎదురుచూచు పిల్లలుందురు. ఒక మాట తప్పుగా వ్రాసినచో పుస్తకము చదువు బాలుడే నవ్వును. మరునాడు ఆ మాట దిద్దబడును. నిఘంటువునకు కావలసిన మాటలు ఇట్లు ఒక్కొక్కటిగా పరీక్షకు నిలచి పోగైనవి. ఎవరును కోరకుండ మొదలైన పనికి, ఆ చిన్న పుస్తకముల మూలమున, కోరువారు ఏర్పడిరి. తరువాతి సంవత్సరములలో ఆయనను లాగికొనిపోయినది తన ఉత్సాహమొక్కటే కాదు, ఆ పిల్లల అవసరము కూడను.

ముప్పది సంవత్సరములకు పైబడిన ఆ కృషి ఫలితముగా, సవరభాషా వ్యాకరణమును 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వము అచ్చువేసెను. నిఘంటువు వెలువడునాటికి ఆయనకు సుమారు 75 ఏండ్లు. ఈ నడుమ ఆయన ఊరక కూర్చుండినవాడు కాడు. బడులలో వాడుకభాషకు చోటు కావలెనని పండితులతో పోరాడుచు, 1919లో 'తెలుగు' అను పత్రికను నడపెను. గ్రాంథికములో నడచుచున్న ఈ పాఠము ఆయన కంటబడియుండినచో ఎంత చక్కగా తప్పులు పట్టియుండునో! రెండు పనులు ఒకేమారు నడపుట అందరికిని తగినది కాదు. కాని ఆయన ఒకదానిని విడిచి రెండవదానికి పోలేదు. రెండింటిని రెండు చేతులతో పట్టుకొనెను.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరెను. అందుకు నొచ్చుకొని రామమూర్తి, యాబది ఏండ్లకు పైగా నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయెను. వృద్ధాప్యము, చెవుడు, కొండలకు దూరమైన ఇల్లు. నిఘంటువు ఇంకను అచ్చుకాలేదు. ఆగిపోవుటకు అంతకంటె తగిన సమయము దొరకదు. రెండేండ్లకు అది వెలువడినది. ఆయన 1940 జనవరి 22న మరణించెను. ఆయన పుట్టిన దినమును నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుచున్నారు. సవరలకొరకు పడిన శ్రమను మాత్రము ఆ దినమున తలచుకొనువారు తక్కువ.

ఇంకొక ముచ్చట ఇచ్చట చెప్పదగినది. ఆయన ఊరు విడిచిన ఆ 1936లోనే మాంగేయి గొమాంగో అను సవర పెద్ద తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అను క్రొత్త లిపిని కల్పించెను. ప్రపంచమందలి లిపులన్నిటికిని కంప్యూటరులలో చోటు కల్పించు యూనికోడు పట్టికలో ఆ అక్షరములు 2012లో చేరినవి. 76 సంవత్సరములు! వ్రాతపనికిని సాఫ్టువేరు పనికిని మనమనుకొన్నంత దూరము లేదు.

కంప్యూటరు ప్రపంచమున కూడ ఇట్టి చరిత్రలున్నవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయాచార్యుడు డొనాల్డ్ నూత్‌కు 1977లో తన గ్రంథముయొక్క క్రొత్త ముద్రణకు ప్రూఫులు వచ్చినవి. అక్షరములు చూచి ఆయనకు అసహ్యము కలిగెను. పుస్తకములను అందముగా కూర్చు ప్రోగ్రామును తానే వ్రాయుదునని, అది కొలది మాసముల పనియని తలచెను. టెక్ అను ఆ ప్రోగ్రాము కుదుటపడుటకు సుమారు పదేండ్లు పట్టెను. అంత మేధావియే తన పని కాలమును అంత తక్కువగా అంచనా వేసెననిన, వేసవి సెలవులలో ముగియుననుకొన్న బాలికను తప్పుపట్టుటకు వీలు లేదు. ఆయన తప్పులకు భయపడక, వానిని వెదకి చూపినవారికి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపుచుండెను. 256 అనగా 16ను 16తో హెచ్చించగా వచ్చిన సంఖ్య. కంప్యూటరు లెక్కలు తెలిసినవారికి అందలి చమత్కారము తెలియును. చాలమంది ఆ చెక్కును బ్యాంకులో వేయక అద్దము కట్టించి గోడకు తగిలించుకొనిరి. తప్పు బయటపడుటను అవమానముగా గాక పండుగగా మార్చిన తెలివి అది.

ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయములో చదువుచున్న లైనస్ టోర్వాల్డ్స్ మార్గము వేరు. కంప్యూటరును నడిపించు మూల ప్రోగ్రామొకటి సరదాకు వ్రాయుచున్నానని, అది పెద్దదేమియు కాబోదని 1991 ఆగస్టు 25న ఆయన ఇతరులకు తెలియజేసెను. అప్పుడాయనకు 21 ఏండ్లు. మరుసటి నెలలోనే మొదటి రూపమును బయటపెట్టెను. దానికి ఆయన ఇచ్చిన సంఖ్య 0.01. ఒకటిలో నూరవవంతు మాత్రమే అయినదని ముందే ఒప్పుకొన్న తరువాత ఇక నవ్వువారెవరు? 1.0 అను సంఖ్య 1994 మార్చిలో గాని రాలేదు. ఈ నడుమ ఎందరో దానిని వాడి, దిద్ది, పెంచిరి. లినక్సు అను ఆ ప్రోగ్రామే నేడు ఆండ్రాయిడ్ ఫోనులన్నిటి లోపల ఉన్నది. కవిటిలో కొబ్బరికాయల ధర అడుగుటకు ఎత్తిన ఫోనులో కూడ అది ఉండవచ్చును.

చిన్నదానిని ముందుగా బయటపెట్టుట యనునది హెల్సింకీనుండి నేర్చుకొనవలసిన విద్య కాదు. ఉద్దానపు రైతు దానిని ఎరుగును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటినప్పుడు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరగినవి. తాతలనాటి చెట్లు ఒక్క రాత్రిలో వేళ్లతో లేచిపోయినవి. దేశవాళి కొబ్బరిమొక్క నాటినచో కాపునకు ఆరేడు ఏండ్లు పట్టును. అంతకాలము పచ్చని ఆకులు చూచుచు కూర్చుండిన ఇల్లు గడువదు. కావున మొక్కలనడుమ అరటి, కంద, కూరగాయలు వేయుదురు. వానివలన వచ్చు ధనము కొంచెమే. అయినను అంతరపంటకు పోయు నీరు కొబ్బరిమొక్కకును అందును. ముఖ్యముగా, కూరగాయల కొరకైనను రైతు ప్రతిదినము తోటలో అడుగుపెట్టును. ఏ ఫలమును లేని తోటకు పోవుట క్రమముగా తగ్గును. పోవుట తగ్గిన తోటలో పశువులు పడును. సగములో నిలచిన పనులకు పట్టు గతి అదియే.

మరల ఆ బాలిక కడకు వత్తము. దసరా సెలవులలో ఆమె పాత పనిని తెరచి చూచినది. ఒడియా, గీతలు, తాళములు, ఉద్దానపు రోగులందరు, అన్నియు ఒక కాగితముమీద వ్రాసి, ఆ కాగితమును మడచి పుస్తకములో పెట్టినది. చెరిపివేయలేదు, మరియొకనాటికి దాచినది. మిగిలినది ఒక్కటే. డయాలసిస్‌కు ముందునాటి సాయంకాలము ఆరు గంటలకు ఫోను మ్రోగవలెను, తెరమీద 'రేపు పలాస' అని కనబడవలెను. క్రింద, గత పర్యాయపు బరువు. అంతకంటె ఏమియు లేదు. దీనికి నాలుగు సాయంకాలములు పట్టినది. మూడవ సాయంకాలము విసుగు కలిగినది. ఆనాడు ఆమె ఒక్క చిన్న తప్పును మాత్రము దిద్ది, కాగితముమీద గీత గీసి, పడుకొన్నది. అట్టి దినములలో పది నిమిషముల పని కూడ పనియే. పూర్తిగా మానిన దినము మరునాటిని మరింత బరువు చేయును.

ముగించు దినమును ఆమె తానై ఎన్నుకొనలేదు. తాత బస్సెక్కు దినమే గడువైనది. ముందునాడు నానమ్మ ఫోనులో ఆ ప్రోగ్రామును పెట్టి, దానిని ఎట్లు తెరువవలెనో చూపినది. ఇంటిలో ఇద్దరే దానిని ఉపయోగించువారు. వారిలో ఒకరికి చదువు రాదు. సాఫ్టువేరును ప్రపంచమునకు విడుదల చేయుట యనగా ఇంతేనా యని ఎవరైన నవ్వవచ్చును. కాని రామమూర్తి మొదటి పుస్తకమును చదివినవారు మాత్రము ఎందరు? కొండపల్లెల పిల్లలు.

సాయంకాలము ఆరు గంటలకు ఫోను మ్రోగినది. నానమ్మ ఉలికిపడి దానిని తాత చేతికిచ్చెను. ఆయన కండ్లకు దగ్గరగా ఒకమారు, దూరముగా ఒకమారు పట్టి చూచి, మనుమరాలిని పిలిచెను.

"పాపా, బాగానే ఉంది గానీ, ఈ అచ్చరాలు నాకు అగుపడ్నేదు. ఇంకాసింత పెద్దవి సెయ్యవేటి?"

ఐదు నెలలుగా ఆ ప్రోగ్రామును గూర్చి ఆమెతో వేరొకరు పలికిన మొదటి మాట అది. ఆమె ఫోను తీసికొని దీపము క్రిందికి పోయినది. అక్షరములు పెద్దవి చేయగా 'రేపు' అను మాట ఒక వరుసలోను, 'పలాస' అను మాట మరియొక వరుసలోను పడినవి. బరువు తెర క్రిందికి జారి కనబడకుండ పోయినది. దానిని మరల పైకి తెచ్చుటకు రాత్రి తొమ్మిదిన్నర అయినది. తెల్లవారి ఐదు గంటలకు బస్సు.